దొంగ ఊపిరి

మా బస్తీలో ఇప్పుడు సైరన్ మోగదు. మా గోదావరిఖనిలో గనిని గని అనం, బాయి అంటాం. ఆ బాయి మూతపడింది, దాంతోపాటే సైరనూ పోయింది. కొత్తగా కాపురాలకు వచ్చిన పిల్లలు సెల్‌ఫోన్లో అలారం పెట్టుకుని లేస్తున్నారు. నాకు మాత్రం పొద్దున ఏడు కావస్తుంటే చేతిలో పని దానంతటదే ఆగిపోతుంది. గిన్నె తోముతుంటే గిన్నె, జడ వేసుకుంటుంటే జడ, ఎక్కడిదక్కడే. చెవులు రిక్కించి కాసేపు నిలబడతాను. "ఏందే తిరుమలా, మోగిందా నీ సైరను?" అని మా ఆయన సదయ్య ఎగతాళి చేస్తాడు. చెయ్యనీ. బాయి దిగింది ఆయనే, కానీ ఆయన ఎక్కేదాకా ఇంట్లో నలిగింది నేను.

ఈ మధ్య టీవీలో యోగా మీద వాదులాట చూశాను. ఒకాయన యోగా మాది అంటాడు. ఇంకొకాయన అది మాకొద్దు అంటాడు. మూడో ఆయన అది మతమే కాదు, ఉత్త వ్యాయామం అంటాడు. ముగ్గురూ గొంతు చించుకున్నారు గానీ ఒక్కడు కూడా తిన్నగా ఊపిరి తీసుకోలేదు. విసుగొచ్చి టీవీ కట్టేశాను. కట్టేసి కూర్చుంటే మా పాత కమ్యూనిటీ హాలు కళ్ళ ముందుకొచ్చింది. పగిలిన కిటికీ అద్దాలు, ఎంత ఊడ్చినా అరికాళ్ళకు అంటే బొగ్గు నుసి, వరసగా పరిచిన చాపలు, మా చంద్రమతి మేడం, అందరికంటే ముందు జైనబీ. ఎంత మంచి పొద్దుటిపూటలవి! మళ్ళీ రావు.

తెలంగాణ రాష్ట్రం రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందటి సంగతి. చంద్రమతి మేడంవాళ్ళది రాజమండ్రి. ఆమె భర్త రామగుండం కరెంటు ప్లాంటులో ఇంజినీరు. పిల్లలు కాలేజీ చదువులకు వెళ్ళిపోయాక ఆమెకు పొద్దు పోలేదట. మా కాలనీ ఆడవాళ్ళకు యోగా నేర్పుతానని స్కూటీ వేసుకుని వచ్చింది. సన్నగా, నిటారుగా ఉండేది. ఆమె హాల్లోకి నడిచొస్తుంటే మేమంతా మా నడుములు మేమే సర్దుకునేవాళ్ళం. చిన్నప్పుడు గోదావరి ఒడ్డున వాళ్ళ తాతగారి దగ్గర నేర్చుకుందట. "మతాలకు పేర్లు పుట్టకముందు నుంచీ ఉన్న దారమ్మా ఇది" అని రోజూ చెప్పేది. మేం తలలూపేవాళ్ళం. నిజం చెప్పొద్దూ, మేం వచ్చింది దారి కోసం కాదు, పొట్టలు తగ్గించుకోవడానికి.

మా వెనక క్వార్టర్ల లైనులో ఉండే పూలమ్మ మోకాళ్ళ కోసం వచ్చింది. ఆమె ఆదివారాలు చర్చికి పోయే మనిషి. యోగా వద్దని పాస్టరు గారు చెప్పారట. "ప్రార్థనల మోకాళ్ళ మీద ఉండుమంటడు. ఉందామంటే వంగుతలెవ్వు. అవి వంగెదాక వస్త, వంగినంక మానేస్త" అని అందరి ముందే అనేసి ముందు వరసలో చాప వేసుకుంది. మా అత్త పోశవ్వ కూడా వచ్చేది, కానీ యోగాకు కాదు. గడప మీద కూర్చుని, నోట్లో వక్క నములుతూ మమ్మల్ని చూసి నవ్వుకోవడానికి వచ్చేది. "నాట్లేసే దినాలల్ల నేను వంగినంత వంగుతరానే మీరు?" అని అక్కడి నుంచే కేకలు వేసేది.

ఇక ఓంకారం సంగతి. అప్పటిదాకా నాకు ఓం అంటే శుభలేఖ మీద అచ్చేసే అక్షరం, అంతే. మా ఇంటి దేవుళ్ళు మైసమ్మ, పోశమ్మ, రెండేళ్ళకోసారి సమ్మక్క. వాళ్ళకు బెల్లం పెట్టాం, కోడిని కోశాం గానీ ఓం అని ఏనాడూ అనలేదు. మేడం కళ్ళు మూసుకుని దాన్ని సాగదీస్తుంటే మాలో సగం మందికి నవ్వు ఆగలేదు.

మొదటి రోజే ఇంకో తమాషా జరిగింది. మగాళ్ళు మొదటి షిఫ్టుకు వెళ్ళాక, పిల్లలు బడికి తయారయ్యేలోపు దొరికే కాసింత వెసులుబాటు మాది. అందుకని క్లాసు ఏడుకు కొంచెం ముందు పెట్టుకున్నాం. మేడం "అందరూ నాతో ఓం అనండమ్మా" అందో లేదో, బాయి సైరన్ అందుకుంది. హాలంతా ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఒక్కరూ నోరు తెరవలేదు. సైరన్ ఆగాక అందరం బుస్సుమని ఊపిరి వదిలాం.

"ఏమిటమ్మా ఇది? ఓం అనమంటే బుగ్గలు పూరించుకుని కూర్చున్నారేం?" అని మేడం చిన్నబుచ్చుకుంది.

"మా మొగోళ్ళు దిగుతున్నరు మేడం" అన్నాను.

అది మా ఆడవాళ్ళలో కట్టుబాటు. పొద్దుటి సైరన్ మోగే వేళకు మగాళ్ళు బాయి మూతి దగ్గర మైసమ్మ గద్దె ముందు తల వంచి లోపలికి దిగుతుంటారు. ఏ మతంవాడైనా సరే, తల వంచకుండా దిగినవాడి గురించి నేను వినలేదు. సరిగ్గా అప్పుడు ఇంటి దగ్గర మేం ఊపిరి బిగబట్టాలి. సైరన్ ఆగాకే వదలాలి. మధ్యలో మాట్లాడినా, నవ్వినా, ఊపిరి తెంపినా లోపలికి పోయినవాడికి కీడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలోనే మా అత్త ఈ సంగతి చెప్పింది. ఎందుకని అడిగితే మొట్టికాయ వేసింది. ఆ సైరన్ ఏమైనా చిన్నదా, ఓ పట్టాన ఆగేది కాదు. మేడంకు ఇదంతా వివరంగా చెప్పినవాళ్ళు లేరు. మా కట్టుబాటును మానమని అడిగే మనిషీ కాదామె. ఓంకారాన్ని సైరన్ తర్వాతకు జరిపింది.

జైనబీని ఆ క్లాసుకు చెయ్యి పట్టుకుని తెచ్చింది నేనే. మా క్వార్టరు పక్క క్వార్టరే వాళ్ళది. ఆమె భర్త మదార్ బాయిలో కప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. నవ్వితే లైను మొత్తం వినపడే మనిషి. యోగా క్లాసు మొదలవడానికి రెండేళ్ళ ముందు కప్పు బండ జారి మీద పడి పోయాడు. తర్వాత జైనబీకి దవాఖానలో ఆయా ఉద్యోగం ఇచ్చారు. ఒక్కతే బిడ్డ, పదో తరగతికి వచ్చింది. పైకి అంతా సర్దుకున్నట్టే ఉండేది. కానీ పొద్దున సైరన్ మోగిందంటే జైనబీ ఊపిరి బిగుసుకుపోయేది. సైరన్ ఆగినా వదిలేది కాదు. చేతులు కొంకర్లు పోయేవి, పెదాలు నల్లబడేవి, గోడ పట్టుకుని కూలబడేది. దవాఖాన డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, ఛాతీలో ఏ లోపమూ లేదని, ఊపిరి తీసుకోవడం నేర్పేవాళ్ళ దగ్గరికి పొమ్మని చెప్పాడు.

"ఎన్నడో ఒకనాడు గా ఊపిరి మళ్ళ తిరిగి రాదక్కా. బిడ్డ ఒక్కతే అయితది" అని నాతో అంది. మర్నాడే ఆమెను హాలుకు తీసుకొచ్చాను.

హాల్లో వజ్రాసనం వేయమంటే మేమంతా అబ్బా అమ్మా అని మూలిగేవాళ్ళం. జైనబీ మడమల మీద అలవోకగా కూర్చునేది. నమాజులో కూర్చున్నట్టే కదా. "చూడండి జైనబీని! అలా ఉండాలి వెన్ను" అని మేడం మురిసిపోయేది. మాకు కాస్త కుళ్ళుగా కూడా ఉండేది. అయితే ఓంకారం వేళకు మాత్రం జైనబీ పెదవి కదిపేది కాదు. పూలమ్మ పెదాలు కదిలేవి. దగ్గరికి వెళ్ళి వింటే "స్తోత్రం, స్తోత్రం" అని వినపడేది. జైనబీకి అదీ లేదు.

కొన్నాళ్ళు చూసి మేడం ఒకరోజు ఆమె దగ్గరికి వచ్చింది. "నీకు ఇబ్బందైతే అల్లా అనుకో తల్లీ. ఏ పేరైతేనేం, గొంతులో ఆ నాదం కావాలి, అంతే" అంది. మంచి మనసుతోనే అంది.

"వద్దు మేడం" అంది జైనబీ.

నాకు ఊరుకోవడం చేతకాదు. "అనరాదె, ఇక్కడ నిన్ను ఎవ్వలు చూస్తరు?" అన్నాను.

ఎన్నడూ గొంతు లేపని మనిషి నా మీద గయ్యిమంది. "ఎవ్వలో చూస్తరని కాదక్కా. అల్లా పేరు నేను కాల్జేతులు కడిగి వజూ చేసుకొని, తల కప్పుకొని తీస్త. గీడ కాళ్ళు సాపుకుంట, పొట్ట గుంజుకుంట తియ్యాల్నా? ఓం గూడ గంతే. మేడంకు అది దేవుని పేరు. నాది కాని పేరు నేను ఊకె నోటికొచ్చినట్టు అంటె, ఆమె దేవునికి ఇజ్జత్ ఏముంటది?"

మేడం ముఖం ఎర్రబడింది. చాప చుట్టుకుని, స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాం. నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఈ ఒక్క ఆసరా కూడా పోతే జైనబీ గతేమిటని నా భయం.

మర్నాడు మేడం అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. మేం సర్దుకున్నాక మెల్లగా అంది: "మా తాతగారు స్నానం చెయ్యనిదే ఓంకారం పలికేవారు కాదు. నేనేమో కాఫీ తాగొచ్చి, చెప్పుల పక్కన కూర్చోబెట్టి మీ చేత పలికిస్తున్నాను. పైగా దేవుడి పేరు ఏదైతేనేం అన్నాను. ఆ మాట అనకూడదు. నిన్నంతా నాకు అదే గుచ్చుకుంది. ఇక నుంచి మౌనంగా మొదలుపెడదాం. లోపల ఎవరికి ఏముంటే అది."

"స్తోత్రం!" అని పూలమ్మ పైకే అనేసింది. అందరం నవ్వాం. జైనబీ నవ్వలేదు గానీ, లేచి వెళ్ళి మేడం చాప కొసను సరిచేసి వచ్చింది. అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆ హాల్లో దేవుడి పేరును నిజంగా బరువుగా పట్టుకున్నది వాళ్ళిద్దరే. అందుకే తగువూ వాళ్ళిద్దరికే వచ్చింది. మేం మిగిలినవాళ్ళం ఏదనమంటే అది అనేసేవాళ్ళం, మాకేం పోయింది గనక.

అలా క్లాసు మౌనంతో మొదలవడం మొదలైంది. మౌనం సైరన్‌కు ముందే మొదలయ్యేది కనుక, సైరన్ ఆ మౌనం మధ్యలోకి వచ్చేది. ఇదివరకు ఆ సమయానికి మేడం చాపలు సర్దుతూనో, కిటికీలు తెరుస్తూనో ఉండేది. ఇప్పుడు మాకు ఎదురుగా కూర్చుంటోంది. రెండో రోజో మూడో రోజో సైరన్ ఆగి, మేమంతా ఊపిరి వదిలినా, జైనబీ వదలలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, పిడికిళ్ళు బిగించి అలాగే ఉండిపోయింది. పెదాల రంగు మారిపోయింది. మేడం పరుగెత్తుకొచ్చి వీపు మీద చరిచింది.

"వదులు తల్లీ! వదిలెయ్యి!"

ఎప్పటికో గొంతులోంచి పెద్ద శబ్దంతో ఊపిరి వచ్చింది. మేడం ఆమెను ఒళ్ళోకి లాక్కుంది. "ఊపిరి పట్టడం యోగంలోనూ ఉందమ్మా. కానీ పట్టేది మెల్లగా వదలడానికే. నువ్వు వదలవేం? ఎవరిని పట్టుకుని కూర్చున్నావు?" అంది.

జైనబీ చాలాసేపు ఏడ్చింది. తర్వాత చెప్పింది. పక్క క్వార్టరులో ఉండి నాకే తెలియని సంగతి.

"ఆ దినం ఆయనకు డ్యూటీకి ఆలిస్యమైంది మేడం. సైకిలెక్కి గేటు దాటిండో లేదో సైరన్ సురువైంది. నేను గడపకాడ నిలబడి బిగబట్టిన. ఆయన యెనక్కు తిరిగి నన్ను చూసి, నా లెక్కనే బుగ్గలు ఉబ్బించి, కండ్లు పెద్దగ చేసి ఎక్కిరించిండు. నాకు నవ్వాగలే. పకపక నవ్విన. సైరన్ మోగుతనే ఉంది. నేను నవ్వుతనే ఉన్న." అక్కడ ఆగింది. "ఆ పూటనే బండ జారింది. నేను బిగబడితె ఆగునేమో. ఇప్పుడు బిగబట్టి ఏం లాభం అంటరు. నాకు గూడ ఎరుకే. కాని సైరన్ ఇనంగనే, ఈసారన్న తెంపొద్దు, తెంపొద్దు అనిపిస్తది."

మేడం ఆమె తల నిమురుతూ ఉండిపోయింది. అప్పుడు గడప మీద నుంచి మా అత్త గొంతు వినపడింది.

"ఓ పిల్లా, నీకేమన్న పిచ్చి లేశిందా? గంతసేపు ఎవ్వలు బిగబడుతరే?"

అందరం అటు తిరిగాం.

"నేను కాపురానికొచ్చిన కొత్తల బిగబట్టిన. కండ్లు తిరిగి పొయ్యికాడ పడ్డ. చెయ్యి కాలింది, గిదిగో మచ్చ. అప్పటిసంది పైట అడ్డం పెట్టుకొని, సప్పుడు కాకుంట ముక్కుతోని తీస్కుంట. నా మొగడు రిటైరయ్యెదాక దిగిండు, ఎక్కిండు. ఒక్క గీత పడలే ఆయనకు."

"అత్తా!" అని నేను అరిచాను. "మరి నాకెందుకు చెప్పినవ్ బిగబట్టుమని?"

"మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్పిన. నువ్వు బిగబట్టినవా ఏంది?"

నేను బిక్కచచ్చిపోయాను. నేనెక్కడ బిగబట్టాను! పైట చాటున దొంగ ఊపిరి తీసి తీసి, మా అత్తకు ఎక్కడ తెలుస్తుందోనని ఇన్నేళ్ళూ హడలి చచ్చాను. అదే చెప్పాను. పూలమ్మ వెంటనే, "నేను ఆ టైముల ప్రార్థన చేస్త. ఊపిరి తియ్యకుంట ప్రార్థన ఎట్ల చేస్తరు?" అంది. మూల కూర్చున్న ఇంకొకామె సైరన్ మోగుతుండగా పాలవాడితో జగడమాడానంది. ఇంకొకామెకు ఆ వేళకే తుమ్ములు వస్తాయట. ఒక్కొక్కరే బయటపడ్డారు. ప్రతి ఒక్కరూ కాలనీలో దొంగను తానొక్కతేనని అనుకుంటూ బతికారు. మాకు నవ్వు పుట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. అంతమందిలో నిజంగా ఊపిరి బిగబట్టినది జైనబీ ఒక్కతే.

ఆమె మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూసింది. మెల్లగా లేచింది.

"గీ మాట ముందుగాల చెప్తె మీ సొమ్మేం పోవు? ఇన్నొద్దులు… ఇన్నొద్దులు నేను…" అంది. మాట పూర్తి చెయ్యలేదు. చెప్పులు చేత పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాత చాలా రోజులు ఆమె క్లాసుకు రాలేదు. నేను వెళితే తలుపు తీసేది, చాయ్ ఇచ్చేది, మాట్లాడేది కాదు. నాకు ఏడుపొచ్చేది. మా అత్త మీద విరుచుకుపడ్డాను. "నేను మంచి కోసమే చెప్పిన" అని ఆమె కూడా తిండి మానేసి పడుకుంది. మేడం మాత్రం నన్ను ఆపింది. "తొందరపెట్టకు తిరుమలా. తట్ట దించుకున్నాక కూడా మెడ కొన్నాళ్ళు నొప్పిగానే ఉంటుంది" అంది.

ఒక ముసురు పట్టిన పొద్దున జైనబీ వచ్చింది. చంకలో చాప, తడిసిన కొంగు. ఎవరినీ పలకరించకుండా తన చోట కూర్చుంది. సైరన్ మోగింది. ఆ రోజు మాలో ఒక్కరం కూడా బిగబట్టలేదు. ముందుగా అనుకున్నదేమీ కాదు, ఆమెకు వినపడాలని అందరం పైకే ఊపిరి తీశాం, దున్ని వచ్చిన ఎడ్లలాగా. గడప మీద మా అత్త అందరికంటే గట్టిగా తీసింది. మేడం జైనబీ దగ్గరికి పోలేదు. తన చోటనే కూర్చుని, పెద్దగా, నిదానంగా పీలుస్తూ, వదులుతూ ఉంది. జైనబీ ఛాతీ లేచింది, మధ్యలో ఆగింది. తర్వాత ఒక ఏడుపు వచ్చింది, ఆ ఏడుపుతో పాటే ఊపిరీ వచ్చింది. సైరన్ ఆగేసరికి ఆమె కళ్ళు తుడుచుకుంటోంది.

"కానియ్యుండ్రి మేడం. నాకు డ్యూటీకి టైమైతది" అంది.

అంతటితో ఆమెకు పూర్తిగా నయమైపోయిందని చెప్పను. కొన్ని రోజులు మంచిగా ఉండేది, కొన్ని రోజులు మళ్ళీ బిగుసుకుపోయేది. కానీ ఇప్పుడు పక్కన మేమున్నాం. ఒకరోజు క్లాసయ్యాక జైనబీ, తన మామ దర్గాలో కూర్చుని జికర్ చేసేవాడని చెప్పింది. లోపలికి పోయే ఊపిరి మీద ఒక మాట, బయటికి వచ్చే ఊపిరి మీద ఒక మాట నడిపించేవాడట. మేడం ఆ సంగతి మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని విన్నది. "మా తాతగారూ ఇంతే. మాటలు వేరు" అంది. రెండూ ఒకటే అని మాత్రం అనలేదు. ఆమె ఒకసారి తప్పు చేస్తే మళ్ళీ చేసే మనిషి కాదు. జైనబీ ఇంట్లో నమాజు తర్వాత తన మామ పద్ధతి పట్టుకుంది, హాల్లో మేడం పద్ధతి చేసింది. పూలమ్మ మోకాళ్ళు ఎప్పుడో వంగాయి గానీ ఆమె మానలేదు. "పాస్టరమ్మకు గూడ నడుము నొప్పంట, తోలుకరావాల్నా?" అని అడిగింది. ఆ హాల్లో గడిచిన ఆ ఏళ్ళు తలచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండినట్టుంటుంది.

ఉద్యమం ఊపందుకున్నాక మేడం కాస్త వెనకాముందాడింది. తాను ఆంధ్రా మనిషి కదా, రావచ్చా అని ఫోన్ చేసింది. "గొడవ రాష్ట్రం కోసం మేడం, మీ చాప మీద కాదు" అన్నాను. వచ్చింది.

రాష్ట్రం వచ్చిన రోజు ఆమెకు మా దగ్గర ఆఖరి క్లాసు. భర్త రిటైరయ్యాడు, ఆ వారమే రాజమండ్రి ప్రయాణం. ఎండ అప్పటికే చిటపటలాడుతోంది. కాలనీ నిండా గులాబీ రంగు, ఎటు చూసినా జెండాలు. ఏడు గంటల సైరన్ ఎప్పటిలాగే మోగింది, మేం ఎప్పటిలాగే కూర్చున్నాం, లేచాం. తర్వాత మేడం చుట్టూ చేరి లడ్డూలు తింటున్నాం. ఏడవకూడదని అందరం అవసరానికి మించి వాగుతున్నాం.

అప్పుడు సైరన్ మోగింది.

వేళ కాని వేళ సైరన్ మోగితే మా బస్తీలో దానికి ఒక్కటే అర్థం. బాయిలో ఏదో అయింది. చేతుల్లో లడ్డూలు అలాగే ఉండిపోయాయి. సదయ్యది ఆ రోజు మొదటి షిఫ్టు. దొంగ ఊపిరి తీసేదాన్ని, నాకు కూడా ఊపిరి నిలిచిపోయింది. ముందు జైనబీ వైపే చూశాను. ఆమె మేడం వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఇన్నేళ్ళు మాకు ఊపిరి వదలడం నేర్పిన చంద్రమతి మేడం, బుగ్గలు పూరించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, చేతిలో సగం కొరికిన లడ్డూతో బిగుసుకుపోయి నిలబడింది. మా కట్టుబాటు ఎప్పుడు పట్టుబడిందో ఆమెకే తెలియదు.

జైనబీకి నవ్వొచ్చింది. పకపకమని, పెద్దగా. మదార్ పోయాక ఆ నవ్వు నేను వినలేదు.

మరుక్షణం ఆమెకు తెలిసొచ్చింది. చటుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా వైపు చూసింది. లోపల ఉన్నది నా మనిషి. ఆమె ముఖంలో రక్తం లేదు. సైరన్ ఇంకా మోగుతూనే ఉంది.

మైసమ్మను తలచుకున్నాను. ఛాతీ నిండా ఊపిరి తీసుకున్నాను. "ఆపినవెందుకే? నవ్వు!" అన్నాను. అని, నేనూ నవ్వాను. మొదట నాకు నవ్వు రాలేదు, ఉత్త శబ్దమే వచ్చింది. తర్వాత మేడం బుగ్గలు చూస్తే నిజంగానే వచ్చింది.

తర్వాత బాయి దిక్కు నుంచి డప్పులు వినపడే సరికి మాకు సంగతి తెలిసింది. రాష్ట్రం వచ్చిన సంబరానికి ఎవరో మోగించారట. షిఫ్టు అయిపోయి, మధ్యాహ్నం సదయ్య ముఖమంతా గులాలుతో ఇంటికొచ్చాడు. చెడామడా తిట్టాను, ఎందుకు తిడుతున్నానో ఆయనకు తెలియలేదు.

కానీ ఆ క్షణాన హాల్లో మాకింకా డప్పులు వినపడలేదు. సైరన్ ఒక్కటే వినపడుతోంది. నేను నవ్వుతున్నాను. జైనబీ నన్ను కాసేపు చూసింది. మెల్లగా నోటి మీద నుంచి చెయ్యి తీసేసింది. "మేడం, ఇగ వదులుండ్రి" అంది.